చప్పుడు వస్తే చాలన్నాడు

నాకు కోపం ఎక్కువ. దుర్గిలో రాళ్లు కొట్టే మా బజారులో ఎవరినడిగినా చెబుతారు. ముక్కు కాస్త వంకరగా చెక్కిన బొమ్మని, తయారు చేసినవాడి ఎదురుగానే పగలగొట్టిన చరిత్ర నాది. అలాంటి నన్ను ఒక మనిషి మలేషియా తీసుకుపోయి, మూడు నెలలు కూర్చోబెట్టి, అందులో సగం రోజులు ఊరికే చప్పుడు చేయించాడు. తలచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయినా చెప్పాలి, ఎందుకంటే అందులో నా తప్పూ ఉంది.

ఆయన మా పాక ముందు కారు దిగిన రోజు నేను ఒక నంది మూతి నునుపు చేస్తున్నాను. యాభై దాటిన మనిషి. గుంటూరు పక్కవాణ్ణనీ, ఇరవై ఏళ్లుగా మలేషియాలో ఉంటున్నాననీ చెప్పాడు. అత్తరు వాసన మాత్రం ఆయన కంటే ముందే వచ్చింది.

"మేస్త్రీ, అక్కడ మన తెలుగోళ్లకి గుడి కడతన్నా. అమ్మవారు కావాల. రాయి మన ఊరిదే ఉండాల, చెయ్యీ మనదే ఉండాల. ఎంతవుద్దో చెప్పు" అన్నాడు.

చెప్పాను. బేరమాడలేదు. బేరమాడని మనిషిని చూస్తే అనుమానం రావాలి గదా, నాకు గౌరవం వచ్చింది. పళ్లెంలో తమలపాకులు, వక్క, పళ్లు పెట్టి తాంబూలం ఇచ్చాడు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అమ్మవారి పనికి తాంబూలం పుచ్చుకున్నామంటే ఆ విగ్రహం పూర్తయ్యేదాకా మధ్యలో వదలం. తాంబూలం పుచ్చుకున్నాక కాగితం రాయమని అడగడం మాకు నామోషీ. అందుకే కాగితం రాసుకోలేదు. చదువుకున్నవాడెవడూ చెయ్యని తప్పు అది. మేం తరతరాలుగా చేస్తున్నాం.

రాయి ముందుగా ఓడలో పోయింది. తర్వాత నేను విమానం ఎక్కాను. ఆయన బంగళా చూసి నోరెళ్లబెట్టాను. తెల్ల సోఫాలు, పెరట్లో ఈతకొలను, గేటు దగ్గర నల్లగా మెరిసే పెద్ద కారు. పెరట్లోనే పందిరి వేసి, తెర కట్టి, రాయి దింపించాడు. మొదటి రోజే నా పాస్‌పోర్టు అడిగాడు.

"వీసా పొడిగించాల. నా దగ్గరుంటే పని తేలిక. అమ్మవారు పూర్తయిన రోజున పాస్‌పోర్టూ, టికెట్టూ రెండూ నీ చేతిలో పెడతా" అన్నాడు. ఇచ్చేశాను. విగ్రహం ఎప్పుడు పూర్తయితే అప్పుడు ఇల్లు. లెక్క తేలిగ్గానే కనిపించింది.

శని, ఆదివారాలు జనం వచ్చేవారు. కంప్యూటరు ఉద్యోగాల కుర్రాళ్లు, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, తాతల కాలంలోనే వచ్చి స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు. ఆయన నాకు పట్టుపంచె కట్టించి, మెడలో కండువా వేసి, "మా స్థపతి గారు" అని పరిచయం చేసేవాడు. దుర్గిలో నన్ను "ఒరేయ్" అనేవాళ్లే గాని "గారు" అన్నవాడు లేడు. జనం నా ఉలి చప్పుడు విని, ఆయన గోడకు తగిలించిన గోపురం బొమ్మ చూసి, చందాలిచ్చి, దణ్ణం పెట్టి వెళ్లేవారు.

నాకది బాగుంది. దాచడమెందుకు? చానా బాగుంది. కారుకు ఆనుకుని ఫోటోలు దిగాను. కొలను గట్టు మీద కాళ్లు జాపుకుని దిగాను. 'మా బంగళా' అని రాసి ఇంటికి పంపాను. మా ఆవిడ ఫోను చేసి, "ఏందయ్యో, ఆ నీళ్ల తొట్టి నీ ఒక్కడికేనా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. కాదని చెప్పడానికి మాట చాలు. ఆ మాట నా నోట రాలేదు. వారం తిరక్కుండా మా బావమరిది తనకూ అక్కడ ఉద్యోగం చూడమన్నాడు.

ఆరు వారాలకి అమ్మవారు దాదాపు వచ్చేసింది. మెత్తటి రాయి, చెప్పినట్టు విన్నది. ఇక కళ్లు మాత్రమే మిగిలాయి. కళ్లు ఎప్పుడూ ఆఖరున. శిల్పి పస్తుండి, తలస్నానం చేసి కళ్లు తెరుస్తాడు. తెరిచినప్పుడు ఎదురుగా మనిషి నిలబడకూడదు, మొదట అద్దం చూపించాలి. ఒక్కసారి కళ్లు తెరిచాక అమ్మవారిని ఒక్క పూటైనా నైవేద్యం లేకుండా ఉంచరు. అంటే కళ్లు తెరిచిన రోజున ఆవిడకు ఇల్లు ఉండాలి.

"సార్, ఇంకో రెండు రోజుల్లో అయిపోద్ది" అని సంతోషంగా చెప్పాను.

ఆయన మొహం మాడిపోయింది. మర్నాడు వచ్చి కిరీటం ఇంకొంచెం పెద్దది చెయ్యమన్నాడు. "రాయిలో తీసెయ్యడమే గాని అతికించడం ఉండదు సార్" అన్నాను. అయితే వీపు నునుపు చెయ్యమన్నాడు. చేశాను. పీఠం మీద లతలు చెక్కమన్నాడు. చెక్కాను. తర్వాత ఒక పనికిరాని బండ తెప్పించి తెర వెనక వేయించాడు.

"దీని మీద కొట్టు."

"ఎందుకు?"

"నీకెందుకయ్యా తొందర? చప్పుడు వస్తే చాలు."

అప్పటికిగాని నా బుర్రకు ఎక్కలేదు. అమ్మవారు పూర్తయితే గుడి ఎక్కడని అడుగుతారు. పూర్తికానంతకాలం చందాలు వస్తాయి. అమ్మవారు పూర్తయితేనే నాకు ఇల్లు, పూర్తయితే ఆయనకు బతుకు లేదు. పాస్‌పోర్టు అడిగితే ఒకసారి ఆఫీసులో ఉందనేవాడు, ఒకసారి ఎంబసీలో ఉందనేవాడు. వీసా గడువు దాటిపోయిందని నాకు అనుమానం. పాస్‌పోర్టు లేకుండా పోలీసులకు దొరికితే జైలే. గేటు దాటి అడుగు పెట్టడానికి భయం వేసేది.

ఈలోగా బంగళా కూడా తరిగిపోవడం మొదలుపెట్టింది. ఒక మంగళవారం ఇద్దరు మనుషులు వ్యాన్ తెచ్చుకొని తెల్ల సోఫాలు ఎత్తుకుపోయారు. అద్దె సోఫాలట. వాటి చోట ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, వాటి మీద తెల్లగుడ్డలు కప్పాడు. కొలను శుభ్రం చేసే మనిషి మానేశాడు, నీళ్లు పచ్చగా పాచి పట్టాయి. అడిగినవాళ్లతో ఆయన "ఆయుర్వేదం మందు కలిపాం" అన్నాడు, దేవుడి మీద ఒట్టు! కారు జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఒకరోజు పొద్దున ఆయన వంటింటి తొట్టి దగ్గర నిలబడి, తనకున్న ఒకే ఒక్క మంచి చొక్కా కాలరు సబ్బుతో రుద్దుకుంటున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. నాకు జాలి వేసింది. ఆ జాలి మీద కూడా తర్వాత కోపమొచ్చింది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ముప్పై ఏళ్ల పనివాణ్ణి, పట్టుపంచె కట్టుకొని, తెర చాటున పనికిరాని బండను కొడుతూ కూర్చున్నాను. బయట జనం ఆ చప్పుడుకు కళ్లు మూసుకొని దణ్ణాలు పెడుతున్నారు. ఛీ, నా బతుకు!

ప్రతి ఆదివారం ఒక పెద్దావిడ వచ్చేది. డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడ ముత్తాతల కాలంలో రబ్బరు తోటల్లో పనికి వచ్చిన కుటుంబం. ఆవిడా జీవితమంతా తోటలోనే పనిచేసింది. తోట ఇళ్ల దగ్గర పాలడబ్బాలో చిల్లర పోగుచేసి, రెండు బస్సులు మారి తెచ్చి హుండీలో వేసేది. నాకు క్యారేజీలో అన్నం తెచ్చేది. ఆవిడ అడిగేది ఒకటే: "కళ్లెప్పుడు తెరుస్తావు బాబూ?" నేను క్యారేజీ మూత తీస్తూ మాట మార్చేవాణ్ణి.

ఒక ఆదివారం ఆవిడ క్యారేజీ పట్టుకొని నేరుగా తెర వెనక్కి వచ్చేసింది. నేను బండ మీద సుత్తి ఎత్తి ఉన్నాను. బండను చూసింది. పక్కన గుడ్డ కప్పి ఉన్న అమ్మవారిని చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఏమీ అడగకముందే మొత్తం చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

ఆవిడ అమ్మవారి మీద గుడ్డ తీసి చూసింది.

"ఇంకేం మిగిలింది?"

"కళ్లమ్మా."

"ఎంతసేపు పడుతుంది?"

"ఒక పూట."

"మరి ఇన్నాళ్లూ కూర్చున్నావేం? వచ్చే ఆదివారం అద్దం నేను తెస్తాను."

ఆ వారం నాకు సరిగ్గా అన్నం సహించలేదు. ఆదివారం పస్తుండి, తలస్నానం చేసి తెర వెనక్కి వెళ్లాను. బయట నలభైమంది దాకా ఉన్నారు. ఆయన గోపురం ఎత్తు గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. నా ఉలి చప్పుడు వినిపించగానే గొంతు ఇంకా పెంచాడు. ఆయనకు కావలసింది చప్పుడే గదా, బాగానే ఇచ్చాను. కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. ఆ బండ ముందు కూర్చున్నాక నేను చేసిన పని అంటే ఆ పూట చేసిందే.

"అందరూ పక్కకి జరగండి! అమ్మవారు కళ్లు తెరిచింది" అని అరిచాను.

పెద్దావిడ తెర లాగి, తను తెచ్చిన అద్దం ఎత్తి పట్టుకుంది. జనం రెండు పాయలుగా తప్పుకున్నారు. ఆయన కూడా చేతులు జోడించాడు, అది అలవాటో భయమో నాకు తెలియదు. కాసేపటికి వెనక నుంచి ఒకావిడ, "మరి మధ్యాహ్నం నైవేద్యం ఎక్కడ పెడతారు?" అని మామూలుగానే అడిగింది. ఇంకొకాయన, "గుడి స్థలం ఎక్కడండీ?" అన్నాడు. ఆ తర్వాత అందరూ అడిగారు. ఆయన రిజిస్ట్రేషనన్నాడు, మునిసిపాలిటీ అన్నాడు.

నేను ముందుకొచ్చాను. "సార్, పనైపోయింది. నా పాస్‌పోర్టు ఇప్పించండి."

"ఆఫీసులో ఉంది మేస్త్రీ."

"పద నాయనా, అందరం వస్తాం" అంది పెద్దావిడ.

ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. నా పాస్‌పోర్టు కార్లు అద్దెకిచ్చేవాడి దగ్గర ఉందట. ఆ నల్లకారుకు హామీగా పెట్టాడట. నేను ఆనుకొని ఫోటోలు దిగి, బజారంతా చూపించుకోమని ఇంటికి పంపిన కారు నా పాస్‌పోర్టు మీద తిరుగుతోంది! ఆయన మీదికి లేచాను. చేతిలో ఉలి ఉంది. పక్కనే అమ్మవారు కళ్లు తెరుచుకొని ఉంది. ఉలి కింద పెట్టేశాను.

"మొదట్లో నిజంగానే కడదామనుకున్నా మేస్త్రీ" అన్నాడు మెల్లగా. సగం నమ్మాను.

ఆ సాయంత్రమే నలుగురు కుర్రాళ్లు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి కారు తిరిగి ఇప్పించి, నా పాస్‌పోర్టు తెచ్చారు. చందాల సంగతి వాళ్లు పోలీసుల దగ్గర తేల్చుకున్నారు. అమ్మవారిని మాత్రం ఆ మధ్యాహ్నమే లారీ ఎక్కించి తోటకు తీసుకుపోయాం. ఒకప్పుడు రబ్బరు ఆరబెట్టిన రేకుల షెడ్డు అక్కడ ఖాళీగా ఉంది. కాస్త ఆలస్యమైనా, పెద్దావిడ వండిన పులిహోర అమ్మవారికి మొదటి నైవేద్యం. వీసా గడువు దాటినందుకు జరిమానా, నా టికెట్టు డబ్బూ తోటవాళ్లే కట్టారు. ఆ కాగితాలు తేలేదాకా రెండు వారాలు పెద్దావిడ ఇంట్లోనే ఉండి పీఠం కట్టాను. నిజమైన పని. ఎంత ఆకలి వేసేదో!

మా ఆవిడకు వీడియోకాల్ చేసి నిజం చెప్పాను. బంగళా లేదు, కారు లేదు, కొలను లేదు.

"ఆ తొట్టి నీది కాదని నాకు తెలవదా ఏంది? నీళ్లంటేనే భయపడేవోడివి, గట్టు మీద కూర్చొని పోజొకటి! అది సరేగాని, అమ్మోరి కళ్లు ఎట్టా వచ్చినయ్యో చూపించు" అంది. చూపించాను. చానాసేపు చూసింది. ఇప్పుడు తోటవాళ్లు ప్రతి శుక్రవారం వీడియోకాల్ చేసి హారతి చూపిస్తారు, మా బజారంతా మా పాకలోకే వస్తుంది. వాళ్లకి ఒక వినాయకుణ్ణి కూడా చెక్కుతున్నాను, ఈసారి కాగితం రాసుకొనే.

బయలుదేరే రోజు పెద్దావిడ విమానాశ్రయం దాకా వచ్చింది. నా పాస్‌పోర్టు దారంతా ఆవిడ చేతిసంచిలోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. లోపలికి వెళ్లే ద్వారం దగ్గర దాన్ని తీసి, పేజీలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా తాతమ్మని రెండేళ్లలో తిరిగి పంపిస్తామని చెప్పి ఓడ ఎక్కించారంట. తోటలో పని అయితే ఇంటికి పోవచ్చన్నారంట. పని ఎప్పటికీ అవలేదు. మా అమ్మ ఇక్కడే పోయింది, నేనూ ఇక్కడే పోతాను" అంది.

ఆవిడ పాస్‌పోర్టు నా అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది.

"వెళ్లు బాబూ. మా ఇంటి నుంచి తిరిగి వెళ్తున్న మొదటి మనిషివి నువ్వే."