అందుకోని పాట

ఆ రోజు నా గొంతు పట్టేసిందని అందరికీ చెప్పాను. అది అబద్ధం.

మాది జువ్వలదిన్నె, సముద్రం ఒడ్డున జాలర్ల పల్లె. పక్షవాతం వచ్చి మా పోలయ్యన్నకు మాట పడిపోయింది. వల లాగేటప్పుడు పాడే పాటలు మాత్రం నోట పలికేవి. "రోజూ పాడించండి, మాటలూ వస్తాయి" అన్నారు నెల్లూరు డాక్టరమ్మ. ఆరు నెలలు ఒడ్డున కూర్చుని అన్న పాట ఎత్తేవాడు, నేను "ఐలేసా" అని అందుకునేవాణ్ని. కొన్ని మాటలు తిరిగొచ్చాయి.

గంగమ్మ జాతరలో పాడతానన్నాడు. నేను సందేహిస్తే, "నువ్వుండావు గదరా" అన్నాడు.

మైకు ముందు మొదటి చరణంలోనే అన్న నాలుక తడబడింది. "తాగొచ్చినాడ్రోయ్!" అని ఎవడో అరిచాడు. జనం నవ్వారు. పాట ఎత్తినవాడు తడబడితే పక్కవాడు అందుకోవడం మా వలల దగ్గర రివాజు. అన్న నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

తర్వాత అన్న పాడటం మానేశాడు. వచ్చిన మాటలూ తగ్గిపోయాయి. నేను కనబడితే మాత్రం కూడబలుక్కుని, "గొంతు... తగ్గిందా?" అని అడిగేవాడు.

మొన్న అన్న ఇంటికి వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నా గొంతుకేం కాలేదన్నా. వాళ్లు నవ్వితే నీ పక్కన నిలబడేదానికి సిగ్గుపడినా. తప్పు చేసినా, క్షమించన్నా."