జాహ్నవి కేసులో నా ఉత్తర్వు

రిటైరవడానికి ఏడాది ముందు, ఆషాఢంలో, కొవ్వూరు వైపు ఒక చిన్న మండలానికి నన్ను తహసీల్దారుగా వేశారు. సరిహద్దు తగాదాలు, పాసుపుస్తకాల్లో తప్పులు, పంటబోదెల ఆక్రమణలు వస్తాయని సిద్ధపడే వెళ్లాను.

మొదటి సోమవారం, అర్జీల రోజున, వరుసలో అందరికంటే ముందు నిలబడింది మంగతాయారు గారు. మూడెకరాల వరి సొంతంగా చేయించుకునే మనిషి. అర్జీ మార్జిన్ కొట్టి శుభ్రంగా రాశారు. విషయం: సాయంత్రం ఏడింటికి వచ్చే సీరియల్‌ను టీవీవాళ్లు మధ్యలో ఆపేసినందున తగు చర్య కోరుట.

అర్జీ తీసుకోం అనడానికి మాకు వీల్లేదు. కంప్యూటర్‌లో ఎక్కించి, గడువులోగా ఎండార్స్‌మెంట్, అంటే లిఖితపూర్వకమైన జవాబు, ఇవ్వాలి. ‘ఇది రెవెన్యూ శాఖ పరిధిలోనిది కాదు’ అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నాను. అయితే ఆ తర్వాత కాల్‌సెంటర్ వాళ్లు అర్జీదారుకు ఫోన్ చేసి, తృప్తిగా ఉందా అని అడుగుతారు. లేదంటే ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. ఈవిడ లేదన్నారు. రెండోసారీ లేదన్నారు. మూడోసారికి నా పై అధికారి ఆర్డీవో గారి నుంచి మెమో వచ్చింది. మచ్చలేని సర్వీసు నాది. చివరాఖరికి ఒక సీరియల్ గురించి సంజాయిషీ రాసుకోవలసి వచ్చిందని ఒళ్లు మండిపోయింది.

గ్రామ రెవెన్యూ అధికారిని వెంటబెట్టుకుని విచారణకు వాళ్లింటికి వెళ్లాను. మంచినీళ్లు, వెనకే కాఫీ వచ్చాయి. అరుగు మీద ఇంకొకావిడ మొహం అటు తిప్పుకుని కూర్చున్నారు. పక్కింట్లో ఉండే తోటికోడలు వరలక్ష్మి గారట.

సంగతేంటంటే, ఆ సీరియల్‌ని ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చూశారు. అందులో కోడలు జాహ్నవి మీద అత్తగారి హారం దొంగిలించిందని కేసు. జడ్జి కళ్లజోడు సర్దుకుని తీర్పు చదవబోతుండగా ఆ రోజు భాగం అయిపోయింది. మర్నాడు అదే టైముకి వంటల పోటీ వచ్చింది.

“ఆరేళ్లండీ. మా అమ్మాయి పెళ్లిచూపులు కూడా ఆ టైము తప్పించి పెట్టుకున్నాం. ఆ పిల్లని బోనులో నిలబెట్టేసి పోతారా అండీ? నాకు అన్నం సయించట్లేదు,” అన్నారు మంగతాయారు గారు. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వబోయినవాణ్ని ఆగిపోయాను.

“తీసింది అదేనండి. చూపులోనే తెలుస్తుంది,” అన్నారు వరలక్ష్మి గారు, అటు తిరిగే.

ఈ విషయం మీదే ఇద్దరికీ మాటల్లేక మూడు వారాలైందని గ్రామ అధికారి నా చెవిలో వేశాడు. నా చేతిలో ఏమీ లేదని చెప్పి లేవబోయాను.

“మీరు మేజిస్ట్రేటు గారట కదండీ. ఆ తీర్పేదో మీరే చెప్పేద్దురూ,” అన్నారు మంగతాయారు గారు.

తహసీల్దారుకు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదా ఉన్న మాట నిజమే. అది ఊళ్లో శాంతిభద్రతలు చూసుకోవడానికి ఇచ్చారు, సీరియల్ హారాలు వెతకడానికి కాదు. కానీ మెమో గుర్తొచ్చింది. ఇద్దరి వాంగ్మూలాలూ రాయించాను. తీస్తుండగా చూసినవాళ్లు లేరు, హారం దొరకలేదు. సరైన సాక్ష్యం లేనందున జాహ్నవి నిర్దోషి అని మర్నాడు ఉత్తర్వు ఇచ్చాను. మంగతాయారు గారు కాల్‌సెంటర్‌కు తృప్తిగా ఉందని చెప్పారు. ఫైలు మూసుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

రెండు వారాలకు ఆర్డీవో గారు ఫోన్ చేశారు. మా ఉత్తర్వుల అడుగున, ‘అభ్యంతరం ఉన్నవారు ఆర్డీవో వారికి అప్పీలు చేసుకోవచ్చు’ అని ఒక వాక్యం ఉంటుంది. టైపిస్టు అలవాటుకొద్దీ టైపు చేశాడు, నేను అలవాటుకొద్దీ సంతకం పెట్టాను. వరలక్ష్మి గారు అప్పీలు వేశారు.

“ఇద్దరూ ఒకే ఆటోలో దిగారండీ. వరలక్ష్మి గారి అప్పీలు కాగితాలు మంగతాయారు గారే మోసుకొచ్చారు. ఇంతకీ ఆ హారం ఎవరు తీశారంటారు?” అన్నారాయన. నాకు తెలియదండీ అన్నాను. ఏం చేయాలో తోచక ఆయన విచారణను పదిహేను రోజులు వాయిదా వేశారట. ఆ మాట వినగానే మంగతాయారు గారి మొహం వెలిగిపోయిందట. ఎన్నింటికి రమ్మంటారండీ అని అడిగారట.

పరిధిలో లేని విషయం మీద ఉత్తర్వు రాయకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. అర్జీలో తీర్పు కావాలని రాసినా, కొందరికి కావలసింది వాయిదా అని కూడా.