మా అత్తకు పడిన ఒక్క ఓటు

నా చిన్నప్పుడు మా అత్త పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడింది. ఆమెకు ఒకే ఒక్క ఓటు పడింది. ఆ ఓటు సంగతి నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, ఇట్లా కూర్చుని రాయడం నాకు ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక పాలెం. ఇంటింటా వలలే. అత్త అంటే మా నాయనకు అక్క. మామ పోయాక మా ఇంటి పక్కనే చిన్న పాక వేసుకుని ఉండేది. పిల్లలు లేరు. ఎండుచేపల గంప ఎత్తుకుని పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు పోయి, అమ్ముకుని సాయంత్రానికి తిరిగొచ్చేది.

ఆ రోజుల్లో పాలెం మొత్తానికి ఒకటే కొళాయి. అది పెద్దలు ఉండే వీధిలో ఉండేది. వాళ్ల ఇళ్లల్లో బిందెలన్నీ నిండాకనే మా వరస ఇళ్ల ఆడవాళ్ల వంతు. అప్పటికి నీళ్లు సన్నగిల్లేవి, అత్తకు బస్సు పోయేది. మా వరసకు కూడా ఒక కొళాయి వేయమని అత్త పంచాయతీ ఆఫీసుకు మూడుసార్లు పోయింది. మూడోసారి అక్కడ కూర్చున్న పెద్దాయన ఒకరు, ఇవన్నీ అడగడానికి నువ్వేమైనా మెంబరువా అన్నాడంట. అందరూ నవ్వారంట. అత్త ఇంటికి వచ్చేసింది. ఎన్నికలు వచ్చినప్పుడు పోయి నామినేషన్ వేసింది.

మా పాలెంలో పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే దాన్ని దురాయి అంటారు. దురాయి పడ్డాక ఎవరూ దాటకూడదు. దాటిన ఇంటివాళ్లను పడవల్లోకి పిలవరు, పెళ్లికీ చావుకీ వాళ్ల గడప తొక్కరు. ఆ ఏడాది పెద్దలు తమ మనిషిని నిలబెట్టి, ఓట్లన్నీ ఆయనకే వేయాలని దురాయి వేశారు. అత్తను పిలిపించి నామినేషన్ వెనక్కి తీసుకోమన్నారు. ఆమె తల వంచుకుని అంతా విన్నది గానీ తీసుకోలేదు. ఆమె నామినేషన్ కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టిన ముసలాయన భయపడి పెద్దల కాళ్ల మీద పడ్డాడు. పోలింగు రోజున ఊళ్లోనే లేకుండా పోయాడు.

ఆ రోజు నుంచి అత్తతో మాట్లాడేవాళ్లు లేరు. కొళాయి దగ్గర ఆమె వస్తే పక్కకు జరిగేవాళ్లు. బస్సులో పక్కన కూర్చునేవాళ్లు కాదు. మా ఇంట్లో కూడా అంతే. నాయన పడవలో చేసే మనిషి. పడవ లేకపోతే మాకు తిండి లేదు. అమ్మ కూర గిన్నె అత్త పాకకు పంపడం మానేసింది. నేను మాత్రం చిన్నదాన్ని కాబట్టి పోయేదాన్ని, నన్నెవరూ అడ్డుకోలేదు. అత్తకు గొడుగు గుర్తు ఇచ్చారు. మా వరసలో ఒక్క ఇంట్లో కూడా గొడుగు లేదు. నేను పలక మీద గొడుగు బొమ్మ వేసి పట్టుకుంటే, అత్త నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, కొళాయి కోసం అడుగుతున్నానని చెప్పేది. లోపల పొయ్యి మండుతూనే ఉండేది, మనుషుల మాటలు మాత్రం ఆగిపోయేవి. కాసేపు చూసి తరవాతి ఇంటికి పోయేవాళ్లం.

పోలింగు మా బడిలోనే జరిగింది. అమ్మ ముద్ర వేసి బయటికి వచ్చేటప్పుడు వరసలో నిలబడి ఉన్న అత్త వైపు చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా పోయింది. నాకు అమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

సాయంత్రం అక్కడే లెక్కపెట్టారు. నేను అత్త చెయ్యి పట్టుకుని బడి అరుగు కింద నిలబడ్డాను. ఆఫీసరు పెద్దల మనిషికి వచ్చిన ఓట్లు చదివాడు. తరవాత అత్త పేరు చదివి, ఒకటి అన్నాడు. వెంటనే నవ్వులు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఎదురింటామె.

"ఏం గొడుగమ్మా, నీ గొడుగు కిందికి నువ్వొక్కదానివే చేరితివే" అని కేక వేసింది.

అత్త కూడా చిన్నగా నవ్వి, నన్ను తీసుకుని ఇంటి దారి పట్టింది. నాకు ఒళ్లంతా మండిపోతోంది. ఎదురింటామె వాకిట్లో వల పరిచి, దాని మీద చేపలు ఎండబోసి ఉన్నాయి. రెండు రోజుల ఎండ తగిలిన సరుకు. ఇసక పడితే దాన్ని ఎవరూ కొనరు. ఆమె ఇంకా బడి దగ్గరే ఉంది. నేను అత్త చెయ్యి విడిపించుకుని పరుగెత్తి దోసిలి నిండా ఇసక తీసుకున్నాను. చేపల మీద పోయబోయేంతలో అత్త వచ్చి నా రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టుకుంది. ఇసక నా వేళ్ల సందుల్లోంచి మా కాళ్ల మీదికే రాలింది.

"ఆ ఒక్క ఓటు ఈమెదైతే?" అంది.

నాకు అర్థం కాలేదు. అది నీదే కదత్తా అన్నాను.

"నాది కాదమ్మీ. నా ఓటు ఆ పెద్దల మనిషికే ఏసినా. మన చేత్తో మన ఇస్తట్లో మనమే వడ్డించుకుంటే ఏం మర్యాదగా ఉంటది? ఈ ఒక్కటీ ఎవురో ఏసినారు."

అందరూ ఆమె ఓటే అనుకుని నవ్వారు. ఆమె వాళ్లకు చెప్పనూ లేదు. చెబితే పెద్దలు ఆ వేసినవాళ్ల కోసం వెతుకుతారు. అది నాకు తరవాత చాలా ఏళ్లకు తట్టింది. అప్పుడు మాత్రం, ఎదురింటామె అంత నవ్వింది కదా, ఆమె ఎందుకు వేస్తుంది అని వాదించాను.

"ఏసింది కాబట్టే అంత గట్టిగా నవ్విందేమో. నవ్వకపోతే అనుమానం రాదా? ఎవురో తెలుసుకోబాకమ్మీ. తెలిస్తే ఆ ఒక్కరితోనే మంచిగా ఉంటాం. తెలీకుంటే అందరితోనూ ఉండాల."

మరుసటి రోజు నుంచి అత్త ఎప్పటిలాగే గంప ఎత్తుకుని పోయింది. మాట్లాడనివాళ్లను కూడా పేరు పెట్టి పలకరించేది. వాళ్లు తల తిప్పుకుంటే, సరేలే అన్నట్టు పోయేది. ఎదురింటామెకు జ్వరం వచ్చి పడుకున్నప్పుడు వాన మబ్బు పట్టింది. ఆమె వాకిట్లో చేపలన్నీ అత్తే ఎత్తి లోపల పెట్టింది. మళ్లీ అందరూ అత్తతో మాట్లాడేసరికి ఏడాది పట్టింది. మా వరసకు కొళాయి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి అత్త లేదు. మొదట అడిగింది ఆమేనని ఎవరికీ గుర్తు కూడా లేదు.

నేను మాత్రం పెద్దదాన్నయ్యాక కూడా ఒక్కొక్క మొహమే చూస్తూ ఆలోచించేదాన్ని. ఎక్కువసార్లు అమ్మ మీదికే పోయేది మనసు. ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది సిగ్గుతోనా, భయంతోనా? అమ్మ చివరి రోజుల్లో ఆమె మంచం పక్కనే ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం అడుగుదామని నోటి దాకా వచ్చింది. అడగకుండా నీళ్లు తాగించి పడుకోబెట్టాను.

ఇప్పుడు మా పాలెం మునిసిపాలిటీలో కలిసింది. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చి ఆ కొళాయిలో నీళ్లు ఉప్పెక్కాయి. డబ్బా నీళ్లు కొనుక్కోలేనివాళ్లు అవే తాగుతున్నారు. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నదాన్ని, మంచినీళ్ల కోసం అడిగి అడిగి చివరికి నేను కౌన్సిలరుగా నిలబడ్డాను. ఈసారి కూడా పెద్దలు ఒక మాట అనుకున్నారు. మా ఆయన పోయి ఆరేళ్లయింది. కూతుళ్లు ఫోను చేసి, ఈ వయసులో నీకెందుకమ్మా అన్నారు. పొద్దున కరపత్రాలు సంచిలో వేసుకుని ఒక్కదాన్నే బయలుదేరుతాను. పలక పట్టుకుని వెంట వచ్చేందుకు చిన్నపిల్ల కూడా లేదు.

నా ఓటు నాకే వేసుకుంటాను. అత్తకున్నంత మర్యాద నాకు లేదు. కానీ లెక్క చదివినప్పుడు అందులోంచి నాదొకటి తీసేసి చూసుకుంటాను. ఒక్కటి మిగిలినా నాకు చాలు.

నిన్న ఒక ఇంట్లో నన్ను చూసి, ఇంకా నాలుగు అడుగుల దూరంలో ఉండగానే తలుపు వేసుకున్నారు. లోపల గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. నేను ఆ తలుపుకే దండం పెట్టి, కరపత్రం గడప మీద పెట్టి, ఎగిరిపోకుండా ఒక గవ్వ ఉంచి వచ్చాను. ఆ ఒక్కటి వాళ్లదేనేమో, ఎవరికి తెలుసు.