పుత్తూరులో ఉండిపోయిన జాయ్‌స్టిక్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు మా వీధిలో ఒకామెకు పూనకం వస్తే అందరూ దణ్ణాలు పెడుతుంటే, ఆమె కాలి మెట్టెలు వెండివా కాదా అని చూసిన రకం నేను. చదివింది ఐదో తరగతే. కానీ ఒకసారి చూసింది మరిచిపోను. అందుకే ఇదీ చూసింది చూసినట్టే చెబుతున్నాను.

అప్పట్లో మేం తిరుపతిలో, తిరుచానూరు రోడ్డు పక్క సందులో అద్దెకుండేవాళ్ళం. మా తమ్ముడు సూరి లాడ్జిలో పని చేస్తూ మా ఇంట్లోనే ఉండేవాడు. వాడికి కంప్యూటర్లో కార్ల ఆటంటే పిచ్చి. పుత్తూరు పక్క పల్లెలో ఒక రైతు ఇంట్లో పాత కంప్యూటర్ అమ్ముతున్నారని ఎవరో చెబితే, వెళ్ళి తెచ్చుకున్నాడు.

తెచ్చిన రోజు వాడు నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. ఆ ఇంట్లో రెండు జాయ్‌స్టిక్‌లు ఉన్నాయట. అంటే ఆటలో కారును తిప్పడానికి చేత్తో పట్టుకునే పిడి. ఇంటాయన రెండూ ఇస్తుంటే, ఆయన భార్య ఒకదాన్ని లాక్కుని కొంగు కింద పెట్టుకుందట. ఎందుకమ్మా అంటే, "ఎద్దునమ్మితే పగ్గం గూడా ఇస్తామా అబ్బోడా?" అందట.

మా వైపు పశువును అమ్మినా పగ్గం ఇంట్లోనే ఉంచుకుంటారు. కొన్నవాళ్ళు తమ పగ్గం కట్టి తోలుకుపోవాలి. కంప్యూటర్‌కు పగ్గం ఏమిటని ఆ పూట మేం కడుపుబ్బ నవ్వుకున్నాం.

పాతదాన్ని కొత్తదానిలా చెయ్యాలని సూరి పట్టు. వాడికి అంతకుముందు ఆ పని తెలియదు. నట్టింట్లో దుప్పటి పరిచి, పెట్టె విప్పి, స్క్రూలన్నీ నా తాంబూలం పళ్ళెంలో వేశాడు. మెమరీ ముక్కను సరిగ్గా నొక్కలేదేమో, కరెంటు పెట్టగానే పెట్టె కుయ్యోమని అరిచింది. మా ఆయన భయపడి వసారాలోకి వెళ్ళిపోయాడు. చివరికి కొత్త హార్డ్ డిస్క్, బొమ్మలు బాగా కనబడే కార్డు వేశాడు. పాత డిస్క్‌ను షాపులోనే వదిలేసి వచ్చాడు. అంటే ఆ ఇంటివాళ్ళు ఆడుకున్నది ఏదీ అందులో మిగల్లేదు.

కొత్త ఆట ఎక్కించి, కార్డు ఎట్లా పని చేస్తుందో చూద్దామని ఇద్దరాడే పందెం పెట్టాడు. అప్పుడు తెర రెండు ముక్కలవుతుంది. పైన వాడి కారు. కింది కారును తిప్పడానికి ఎవరూ లేరు, రెండో జాయ్‌స్టిక్ తగిలించే చోటు ఖాళీ. కింది కారు మొదట్లోనే నిలబడి ఉండాలి.

అది బయలుదేరింది. తిన్నగా పోయింది, ఎడమ మలుపులు చక్కగా తిరిగింది. కుడి మలుపు రాగానే ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ తిరిగి దాటింది. ప్రతి కుడి మలుపు దగ్గరా అంతే. పట్టపగలు నేను పప్పు ఏరుకుంటూ చూశాను.

షాపువాళ్ళు లోపలి బోర్డులో లోపం అన్నారు. దాన్నీ మార్చాడు. చివరికి పుత్తూరు నుంచి వచ్చిన దాంట్లో రేకు పెట్టె, సూరి ఆడే జాయ్‌స్టిక్ మాత్రమే మిగిలాయి. కారు మాత్రం అట్లాగే పోతూ వచ్చింది.

ఆ రోజుల్లోనే నేను జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. విరిగిన ఎముకల కట్టుకు పుత్తూరే పేరు. కట్టించుకోవడానికి అక్కడికి వెళ్ళి, ఊరికే ఉండలేక ఆ రైతు ఇంటికీ వెళ్ళాను. ఆమె పేరు మునెమ్మ. నా చేతి కట్టు చూడగానే ఆమె ముఖం మారిపోయింది. కొడుకు మామిడిచెట్టు మీద నుంచి పడితే కుడి చేతికి అదే కట్టు కట్టారట. అది విప్పే రోజు రాకముందే ఏదో జ్వరం వచ్చి పోయాడట.

"కట్టుతోనే ఎడం చేత్తో ఆడతా ఉండెమ్మా. కుడిపక్కకు తిప్పను చాతగాక నిలబెట్టి, ఎనక్కి తీసి, మళ్ళా పోతాడు," అంది.

నా నోరు ఆగలేదు. చూసింది చెప్పేశాను. అరుగు మీదున్న ఆమె భర్త లేచి నిలబడ్డాడు.

"నా కొడుకు సచ్చింది సాల్లేదా? వాడి సేత బండ్లు గూడా తోలిస్తా ఉండారా మీరు?" అన్నాడు. నేను తలవంచుకుని వచ్చేశాను.

తరువాతి శుక్రవారం మునెమ్మ, భర్తకు చెప్పకుండా, బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. కొడుకు చొక్కాలో చుట్టి జాయ్‌స్టిక్ తెచ్చింది, డబ్బాలో మురుకులు తెచ్చింది. సంగతి సందంతా పాకింది. మా ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, "రేపట్నించి టికెట్టు పెడతారా ఏంది?" అని నవ్వింది. మునెమ్మ ఆ మాట విననట్టే ఉంది.

సూరి పందెం పెట్టాడు. కింది కారు కదల్లేదు. ఆమె తెచ్చిన జాయ్‌స్టిక్ తగిలించినా కదల్లేదు. "నాయనా, నేనొచ్చినా సూడు," అని ఆమె తెరకేసి మెల్లగా చెప్పింది. మురుకుల డబ్బా మూత తీసి తెర ముందు పెట్టింది. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చుంది. నేను అన్నం పెట్టినా ముట్టలేదు.

సూరికి అది చూడబుద్ధి కాలేదు. ఆ జాయ్‌స్టిక్‌ను మెల్లగా అందుకుని, ఆమె వెనక కూర్చుని, తువ్వాలు కప్పి తిప్పాడు. కారు బయలుదేరింది. ఎడమ మలుపులు తిరిగింది. కుడి మలుపు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, దాటింది.

మునెమ్మ వెనక్కి తిరగలేదు.

"పెట్టెయ్ అబ్బోడా," అంది. "మలుపు దాటినాక వాడు గెల్చినట్టు బండిని అటూ ఇటూ ఊపుతాడు. అది నీకు తెల్దు."

సూరి తువ్వాలు తీసి, జాయ్‌స్టిక్ వైరు ఊడదీశాడు. ఆమె చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంది. జాయ్‌స్టిక్ ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇంక పగ్గం నాకేలమ్మా, మీ కాడే ఉండనీ," అని నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

సూరి పెట్టె ఆపడానికి లేచాడు. జాయ్‌స్టిక్ నా ఒళ్ళోనే ఉంది, వైరు ఊడి నేల మీద పడి ఉంది. కింది కారు కదిలింది. తిన్నగా పోయి, కుడి మలుపు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, దాటింది. దాటాక అటూ ఇటూ ఊగింది. ఆ ఊపు మేం అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు.

సూరి చెప్పులు కూడా లేకుండా బస్టాపుకు పరుగెత్తాడు. పుత్తూరు బస్సు వెళ్ళిపోయింది. వాడు తిరిగొచ్చేసరికి కారు ఆగిపోయి ఉంది. ఆ తరువాత అది మళ్ళీ కదల్లేదు.

ఆమెకు చెప్పాలని ఒకసారి బస్సెక్కాను. పుత్తూరు చేరకముందే, దారిలో వడమాలపేటలో దిగి వెనక్కి వచ్చేశాను. చెబితే ఆమె మళ్ళీ వస్తుంది. మురుకులు చేసుకుని వస్తుంది. వచ్చి మళ్ళీ అట్లాగే కూర్చుంటే నేనేం చెయ్యను?

కంప్యూటర్‌ను సూరి వదిలించుకున్నాడు. జాయ్‌స్టిక్ నా బీరువాలో ఉంది. కారు ఎట్లా కదిలిందని ఇప్పుడు నేను ఎవరినీ అడగను. కన్నతల్లి పొద్దంతా పిలుస్తుంటే కదలనివాడు, ఆమె గడప దాటగానే మా ముందు ఎందుకు కదిలాడో, అది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.