గొర్ల సూది

2023 ఎండాకాలం. అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. అంటే రోగిని కాకుండా, రోగం తెచ్చిన క్రిమిని చూసే డాక్టరునన్నమాట. రోగుల ముఖాలు మాకు తెలియవు. వాళ్ల చీము, రక్తం, మూత్రం సీసాల్లో మా ల్యాబ్‌కు వస్తాయి. మమ్మల్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు, అదీ ఒకందుకు మంచిదే. ఆ ఏడాది మాత్రం ఒక మనిషి నన్ను వార్డుకు రప్పించింది.

ఆమె పేరు ఓబులమ్మ. ముదిగుబ్బ వైపు పల్లె. నలభై దాటిన మనిషి, భర్త తిప్పయ్యతో కలిసి గొర్రెలు మేపుకొని బతుకుతుంది. పాదంలో తుమ్మముల్లు విరిగి, చీము పట్టి, వాపు చీలమండ దాటాక ఆసుపత్రికి తెచ్చారు. మా సర్జన్ పుండు కోసి కడిగి, లోపలి కండ ముక్క ఒకటి నాకు పంపారు. పైపైన దూదితో తుడిచి పంపితే చర్మం మీది చిల్లర క్రిములన్నీ పెరుగుతాయి, అసలు దొంగ దొరకడు. ఈ విషయంలో ఆయనతో ఎన్నో పోట్లాటలు పెట్టుకొని గెలిచాను.

ఆ ముక్కను కల్చర్ పెట్టాం, అంటే తిండి పెట్టి క్రిమిని పెంచాం. దాని మీద ఒక్కో యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లలు ఉంచుతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగక ఖాళీ వలయం మిగులుతుంది. దాన్ని జోన్ అంటాం. క్లెబ్సియెల్లా అనే క్రిమి పెరిగింది. బిళ్లల అంచుల దాకా దర్జాగా పాకింది. ఐసీయూలో ఆఖరి ఆశగా దాచుకునే మందులను కూడా లెక్కచేయలేదు. ఒక్క అమికాసిన్ బిళ్ల చుట్టూ మాత్రం మంచి జోన్ ఉంది. ఎప్పటిదో పాత మందు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సర్జన్‌కు ఫోన్ చేశాను.

"మేడం, అమికాసిన్ కిడ్నీల మీద పడుతుంది. ఆమె క్రియాటినిన్ రోజురోజుకూ పెరుగుతోంది. ఇవ్వలేను," అన్నారు. క్రియాటినిన్ రక్తంలో పెరిగిందంటే కిడ్నీలు మొరాయిస్తున్నట్టు. "మోకాలి కింద కాలు తీసేస్తాను. ప్రాణమైనా దక్కుతుంది."

"ఆమె ఒప్పుకుందా?"

"ఎక్కడ! మీరొచ్చి చెప్పండి."

వెళ్లాను, ఒప్పించడానికి మాత్రం కాదు. చేరిననాడు బాగున్న కిడ్నీలు సెలైన్ ఎక్కిస్తుంటే ఎందుకు పాడవుతున్నాయి? ఆసుపత్రి మెట్లే ఎక్కని మనిషి ఒంట్లోకి ఇంత మొండి క్రిమి ఎలా వచ్చింది? నాకు ఎక్కడో లెక్క తప్పుతోంది.

నన్ను చూడగానే ఓబులమ్మ మొదలుపెట్టింది. "నువ్వు గూడా కాలు తీస్తామని చెప్పేకి వచ్చినావా మేడమ్మా? కాలు లేకుంటే గొర్ల ఎనక ఎట్ల తిరగల్ల? సస్తే సస్తా గానీ కాలియ్యను."

"కాలడగడానికి రాలేదులే. ఇంటికాడ ఏమన్నా మందులు వాడినావా?"

"లేదు. దేవుని సాచ్చిగా ఒక్క మాత్ర మింగలే."

అడిగిన ప్రతి డాక్టరుకూ ఇదే మాట చెప్పిందట. అబద్ధమాడే మనిషిలా లేదు. స్టూలు లాక్కొని కూర్చొని గొర్రెల మాటలు పెట్టుకున్నాను. మేత ఎక్కడ దొరుకుతోంది, గిట్టల్లో చీము పడితే ఏం చేస్తారు అని.

"సూది ఏస్తాం. మా ఆయప్పే ఏస్తాడు," అంది గర్వంగా.

"మరి నీ కాలు వాచినప్పుడు?"

"నాకూ అదే ఏసినాడు. జరమొచ్చినా, నడుం పట్టినా అదే కదా మాకు. గొర్రికి తగ్గేది మనిసికి తగ్గదా?"

"మందులు వాడలేదంటివే!"

"అది నా మందు యాడిది మేడమ్మా? గొర్ల మందు కదా!"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇటు చూస్తే పక్కనే ఉన్న మొగుడు తిప్పయ్య మంచం కింది సంచిని మెల్లగా కాలితో లోపలికి తోస్తున్నాడు.

"ఏమప్పా, ఆ సంచి ఇట్ల తియ్యి."

గొర్రె బొమ్మ ఉన్న సీసాలు రెండు బయటికొచ్చాయి. ఒకటి యాంటీబయాటిక్, రెండోది నొప్పి మందు.

"ఈడ గూడా ఏస్తాండావా?"

"పొద్దున్నే ఏస్తాండా మేడం. నొప్పికి అరుస్తాండాది. మీరేమో కాలు తీస్తామంటిరి. సూస్తా ఊరికే ఎట్ల కూచునేది?"

నాకు ఒళ్లు మండిపోయింది. వార్డంతా వినేలా తిట్టాను. అయితే తిడుతున్నంతసేపూ లోలోపల సంతోషంగానే ఉంది. ఆ నొప్పి మందు కిడ్నీలను దెబ్బతీసే రకం. అది ఆగితే కిడ్నీలు తేరుకోవచ్చు. తేరుకుంటే అమికాసిన్ ఇవ్వొచ్చు.

సీసాలు తీసుకెళ్లి సర్జన్ బల్ల మీద పెట్టాను. "ఇవి ఆపించాను. ఆ కాలి మీద ఇప్పుడే కత్తి పెట్టకండి."

"ఈలోగా విషం రక్తంలోకి ఎక్కితే?"

"రోజూ నేనొచ్చి చూస్తాను. బీపీ పడిపోయినా, వాపు పైకి పాకినా, మీ పక్కన నిలబడి నేనే ఆమెను ఒప్పిస్తాను. అంతవరకూ ఒప్పుకోను."

ఆయన విసుక్కుంటూనే సరేనన్నారు. చచ్చిన కండనంతా మళ్లీ కోసి తీశారు. రెండు కాలివేళ్లు పోయాయి. క్రియాటినిన్ మెల్లగా దిగింది. కిడ్నీలను కనిపెట్టుకుంటూ, కొలిచి కొలిచి అమికాసిన్ ఇచ్చారు. వాపు దిగింది, చీము ఆగింది, పుండు ఎర్రగా మానుకొచ్చింది.

ఇంటికి వెళ్లే రోజు ఓబులమ్మ కర్ర పట్టుకొని తనే మా ల్యాబ్ దాకా నడిచి వచ్చింది. వెనకున్న మొగుడి వైపు కర్ర చూపించి, "ఇంగోసారి నాకు గొర్ల సూది ఏసినావంటే ఊరంతా తరిమి తరిమి కొడతా. తరిమేకి కాలుండాది నాకు," అంది. నేను పగలబడి నవ్వాను, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

ఆ మొండి క్రిమికి గొర్ల సూది ఒక్కటే కారణమని నేను రుజువు చేయలేను. అరకొరగా వాడిన మందు ఎవరి ఒంట్లో పడినా, గొర్రెదైనా మనిషిదైనా, చావకుండా మిగిలేవి మొండి క్రిములే అని మాత్రం ప్రతిరోజూ నా బిళ్లల చుట్టూ చూస్తున్నాను. అందుకే ఇప్పుడు మందులు వాడినారా అని అడగను. "నీ ఒంట్లోకి ఏమేం పోయినాయో అన్నీ చెప్పు, ఎవరికోసం తెచ్చిందైనా సరే," అంటాను. అడిగినవాళ్లకల్లా యాంటీబయాటిక్ ఇచ్చే మందుల షాపు వాళ్లతో, తుమ్మితే అదే రాసే డాక్టర్లతో తగాదా పడుతూనే ఉన్నాను. నన్ను గయ్యాళి అంటారని తెలుసు. అననీ. ఓబులమ్మ కాలికి పనిచేసే మందు ఒక్కటే మిగిలింది. రేపొచ్చే మనిషికి అది కూడా లేదని చెప్పడానికి నేను ఒప్పుకోను.