ఒంటి చెప్పు ఆట

మెట్ల పక్క వాటాలో ఉండే ఆమెను ఆ భవనంలోని పిల్లలందరూ జోళ్ళ పిన్ని అనేవారు. ఏళ్ళ తరబడి చెప్పుల దుకాణంలో పని. వచ్చినవాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, సరిపడే జత వెతికిపెట్టడమే ఉద్యోగం. భర్త పేకాటలో నిండా మునిగి, ఒకనాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ ఆమె ఎదుట పేక అన్న మాట ఎత్తడానికి కూడా అందరూ జంకేవారు.

అలాంటి మనిషి, సెలవుల్లో కూతురు, పై వాటా కవలలు ఇల్లు పీకి పందిరి వేస్తుంటే, చెప్పుల పెట్టెలు కత్తిరించి పేకముక్కలు చేసింది. ఎడమ చెప్పు బొమ్మ ఒక ముక్క మీద, కుడిది ఇంకో ముక్క మీద. పక్కవాళ్ళ చేతిలోంచి చూడకుండా ఒకటి లాగాలి, జత కుదిరితే కింద పెట్టాలి. ఒక్క చెప్పుకు మాత్రం జత లేదు. చివరికి అది ఎవరి దగ్గర మిగిలితే వాళ్ళు ఓడినట్టు.

మొదటిరోజే ఆట బెడిసికొట్టింది. అట్టల వెనక కంపెనీ అక్షరాలు తెగిపోయి మిగిలాయి. సగం అక్షరం ఉన్నదే ఒంటి చెప్పని పిల్లలు ఇట్టే పసిగట్టేశారు. పిన్ని వెనకంతా ఒకే రంగు కాగితం అంటించింది. దాంతో ముక్కలు లావై చిన్న చేతుల్లో ఇమడలేదు. పల్చటి అట్ట తెచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఆట సాగింది కానీ, వరసగా ఓడిన చిన్న కవల ముక్కలు విసిరికొట్టి ఏడుపు లంకించుకుంది.

ప్రతి దానికీ వాదించే ఎదురింటి పిల్లను అందరూ లాయరమ్మ అనేవారు. ఆ పిల్ల తేల్చి చెప్పింది. "పిన్నీ, ఒంటి చెప్పొస్తే ఇంక వాళ్ళ పని అయిపోయినట్టే. బిక్కమొహమేసుకుని కూర్చోవాలి. ఇదేం ఆట?"

ఆ మాట పిన్నికి ఎక్కడో తగిలింది. "అయిపోవడమేంటి? ఎందుకయిపోవాలి?" అంది కాస్త గట్టిగానే.

మర్నాడు దుకాణంలో ఒకాయన ఒక కాలికి కొత్త బూటు వేసుకుని, రెండో కాలు నేల తగలకుండా అద్దం దాకా గెంతాడు. చూసినవాళ్ళంతా నవ్వారు. పిన్ని ఇంటికొచ్చీ రాగానే నియమం మార్చేసింది. ఒంటి చెప్పు వచ్చినవాళ్ళు దాన్ని దాచుకోనక్కర్లేదు. పైకెత్తి పట్టుకుని, ఒంటికాలి మీద అందరి చుట్టూ గెంతాలి. ముందుగా ఎవరు నవ్వితే చెప్పు వాళ్ళకి.

మొన్న ఓడి ఏడ్చిన చిన్న కవలే అందరికంటే బాగా గెంతింది. నవ్వులు వీధిలోకి వినిపించాయి. ఆ నవ్వుల వెనకే వదిన వచ్చింది, భర్తకు అక్క.

"మా తమ్ముణ్ణి మింగింది చాలలేదా? నీ కూతురి చేతికి కూడా పేక ఇస్తున్నావా?"

"మీ తమ్ముడు చేసిన పనికి ఈ అట్టముక్కలేం చేస్తాయి వదినా? ఆయన వెళ్ళిపోయాడని నా ఇంట్లో పిల్లలు నవ్వకూడదంటే కుదరదు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"తలుపేసుకుని ఆడితే అనుకుంటారు. రేపట్నుంచి మెట్ల మీదే ఆడతాం. వచ్చి చూసుకోమనండి."

పిన్ని పిల్లలకు పేకాట నేర్పుతోందని వదిన ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కవలల తల్లి పిల్లల్ని ఆపేసింది. అయినా మర్నాడు సాయంత్రం పిన్ని మెట్ల మీద చాప పరిచింది. ఆడేది ముగ్గురే: తను, కూతురు, లాయరమ్మ. దారికి అడ్డమని ఒకాయన గొణిగితే, "జరిగే కూర్చున్నాం, నడవండి" అంది తలెత్తకుండా.

కొన్నాళ్ళకు కవలలు పై మెట్టు మీద చేరి, కటకటాల సందుల్లోంచి లాయరమ్మ గెంతడం తొంగిచూస్తూ పకపకా నవ్వారు. "నవ్వారుగా, చెప్పు మీదే" అని లాయరమ్మ ముక్క అందించింది. పిలిచినా పిల్లలు పలక్కపోయేసరికి తల్లి దిగి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. పిన్ని లేచి నిలబడలేదు, సంజాయిషీ చెప్పలేదు. చిన్నది సరిగ్గా తల్లి ముందే గెంతింది. ఆవిడ పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. ముక్క ఆవిడ చేతిలో పడింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"గెంతాలి ఆంటీ" అంది లాయరమ్మ.

ఆవిడ అటూ ఇటూ చూసి, గోడ పట్టుకుని ఒక కాలు పైకెత్తింది.

వదిన మాత్రం ఇప్పటికీ ఆ మెట్ల దగ్గర మొహం తిప్పుకునే వెళుతుంది. పిన్ని ఆమెను బతిమాలదు. ఆట ఆపదు.