మూడో మగ్గం మీద జానెడు నేత

నా చిన్నప్పుడు బడి నుంచి రాగానే నేను చేరే చోటు మా అమ్మమ్మ రాట్నం పక్కనే. ఉయ్యూరు దాటాక కాలవ గట్టున ఉన్న ఊరు మాది. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా తాతయ్య మగ్గాలు వరసగా ఉండేవి. నూలు విజయవాడ షావుకారు గారు పంపేవారు, నేసిన చీరలు ఆయనకే వెళ్ళేవి, ఏ మగ్గం మీద ఎవరు కూర్చోవాలన్నా ఆయన మాటే. అమ్మమ్మ నూలు కండెలు చుడుతుంటే నేను కథల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ చప్పుడులో ఎవరూ నన్ను మాట్లాడమని అడిగేవారు కాదు. అందుకే నాకు ఆ షెడ్డంటే ఇష్టం.

మూడో మగ్గం మీద నేసే ఆయన్ని నేను మావయ్య అనేదాన్ని. మా తాతయ్యని ఆయన బాబాయ్ అని పిలిచేవాడు. చుట్టరికం దూరమే అయినా పిలుపు మాత్రం దగ్గరది. అంచు నేతలో ఆయనది అందె వేసిన చెయ్యని అందరూ అనేవారు. కానీ నాకు ఊహ తెలిసేసరికే ఆయన తాగుడులో పడ్డాడు. పొద్దున్నే వచ్చి మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు గానీ చేతులు వణికేవి. పోగు మోసే నాడె చేతిలోంచి జారి కింద పడేది. పక్క మగ్గాల వాళ్ళు తల తిప్పుకునేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అలా అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధగా ఉండేదేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళావిడ వచ్చింది. మాకు అత్త. అమ్మమ్మ దగ్గర కూర్చుని చాలాసేపు చీర చెంగు మెలిపెడుతూ ఉండిపోయింది. విజయవాడలో తాగుడు మాన్పించే ఆసుపత్రి ఉందట. అక్కడే ఉండి మందులు వాడాలట, నెల పైనే పడుతుందట. ఆయన వెళ్ళడానికి సిద్ధమేగానీ, మగ్గం దగ్గర ఆగిపోతున్నాడట. శ్రావణ మాసం దగ్గరపడుతోంది, చీరలకు గిరాకీ రోజులు. అలాంటప్పుడు మగ్గం ఖాళీగా ఉంటే షావుకారు ఊరుకోడు, ఇంకొకరిని కూర్చోబెడతాడు. అంతకుముందు కాలు విరిగి ఇంట్లో ఉన్న ఒకాయనకు అలాగే జరిగింది. కాలు అతికింది గానీ మగ్గం తిరిగి రాలేదు.

"మగ్గం పోయాక తాగుడు మానేసి నేనేం చెయ్యనే అంటున్నాడు మావయ్యగారూ" అంది అత్త, గుమ్మంలోకి వచ్చిన తాతయ్యతో.

తాతయ్య ఏమీ చెప్పలేదు. భుజం మీది కండువాతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నాకు తాతయ్య మీద కోపం వచ్చింది. మంచి మాట ఒక్కటి చెబితే ఏం పోయింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నేను షెడ్డులోకి వెళ్ళేసరికి మూడో మగ్గం మీద కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతున్నారు. పాత పోగుల చివర్లకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలేసి కలిపే పని అది. ఓపికైనవాళ్ళు ఇద్దరు కూర్చుంటే గానీ తెమలదు. తాతయ్య తనే ఒక పక్క కూర్చున్నాడు. మావయ్య రెండో పక్క. ఊరు వెళ్ళబోయే మనిషి మగ్గానికి పడుగెక్కించడం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. అతకడం అయ్యాక తాతయ్య, "ఓ జానెడు నేసి బస్సెక్కు" అన్నాడు. మావయ్య గుంటలోకి దిగాడు. ఆ జానెడు నేయడానికి ఆయనకు సాయంత్రమైంది, మర్నాడు బస్సెక్కాడు.

షావుకారు గారు ఆ వారంలోనే వచ్చారు. మూడో మగ్గం ఆగి ఉండటం చూశారు. వీధి చివర పనిలేకుండా ఉన్న మనిషి ఉన్నాడు, రేపట్నుంచి రమ్మంటానన్నారు.

తాతయ్య తాపీగా చెప్పాడు. "మొదలెట్టినోడే చివరిదాకా నేసి కొయ్యాలి కదండీ. మధ్యలో చెయ్యి మారితే చీరలో చార పడుద్ది. రేపు మీ కొట్లో ఆడాళ్ళు వేలు పెట్టి మరీ చూపిస్తారు."

అది మా నేతవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఒక్కొక్కరు పేకను, అంటే అడ్డపోగును, కొట్టే బరువు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకరు మొదలుపెట్టిన చీరలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. షావుకారు గారికి కూడా తెలుసు. ఆయన ఆ జానెడు గుడ్డ వంకా, తాతయ్య వంకా చూసి, పడుగెక్కించి మనిషిని ఊరికి పంపిన యజమానిని నేనెక్కడా చూళ్ళేదయ్యా అన్నారు. "ఇప్పుడు చూశారుగా" అన్నాడు తాతయ్య. మావయ్య ఎక్కడికి వెళ్ళాడని ఆయన అడిగారు. ఒంట్లో బాగోక వెళ్ళాడని తాతయ్య చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ మగ్గం కాపలా నాకు అప్పగించారు. గంజి పెట్టిన పడుగును ఎలకలు కొరుకుతాయి. అందుకని పాత పంచె ఒకటి కప్పి ఉంచేవాళ్ళం. రోజూ పంచె తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ కప్పడం నా పని. వానలకు గుంటలో నీరు ఊరితే అమ్మమ్మ తోడేసేది. నాడె మావయ్య ఎక్కడ వదిలాడో అక్కడే ఉంచమన్నాడు తాతయ్య.

ఒక ఆదివారం షెడ్డులో ఎవరూ లేరు. నేను పుస్తకం చదువుకుంటుంటే గుమ్మంలో నీడ పడింది. చూస్తే మావయ్య. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. ఆసుపత్రిలో చెప్పకుండా వచ్చేశాడని ఆ మొహం చూడగానే తెలిసింది. మా బస్టాండు పక్కనే బ్రాందీ కొట్టు ఉంది. దాన్ని దాటి ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ మగ్గం చూసుకుని తిరిగి అక్కడికే వెళ్దామనుకున్నాడేమో, నాకు తెలియదు. పెద్దవాళ్ళను పిలవాలా? పుస్తకం మూసి లేచాను.

ఆయన మగ్గం దగ్గరకు వచ్చి పంచె కొస పైకెత్తాడు. అలాగే పట్టుకుని అడిగాడు. "దీని మీద ఎవరన్నా కూర్చున్నారా అమ్మా?"

"లేదు మావయ్యా. దుమ్ము నేనే దులుపుతున్నా."

"బాబాయ్ ఏమన్నా అన్నాడా?"

"మీరొచ్చి కోస్తారని షావుకారు గారితో చెప్పాడు."

పెద్దవాళ్ళతో నేను అంత మాట్లాడటం అదే మొదలు. ఆయన ఆ జానెడు నేత మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత పంచె జాగ్రత్తగా కప్పి, నాలుగు కొసలూ సర్ది బయటికి నడిచాడు. నేను వీధి అరుగు మీదికి పరిగెత్తాను, అక్కణ్ణుంచి బస్టాండు కనిపిస్తుంది. బ్రాందీ కొట్టు ముందు ఆయన అడుగులు నెమ్మదించాయి. నేను స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. విజయవాడ బస్సు వచ్చింది. అది కదిలాక చూస్తే మావయ్య లేడు. కొట్టు దగ్గర కూడా లేడు.

రాత్రి అన్నాల దగ్గర చెబితే అమ్మమ్మ కంగారు పడింది. తాతయ్య మాత్రం మజ్జిగ కలుపుకుంటూ, "కళ్ళతో చూసుకున్నాడుగా. ఇక ఉంటాడు" అన్నాడు. ఆ రోజు నాకు కోపం తెప్పించిన ఆ మౌనం ఏమిటో అప్పుడు కొంచెం అర్థమైంది. ధైర్యం చెబితే మావయ్య నమ్మేవాడు కాదు. పడుగెక్కిస్తే నమ్మాడు.

శ్రావణం సగం గడిచాక మావయ్య తిరిగి వచ్చాడు. మిగిలిన చీర నేసి తనే కోశాడు. ఎండలో పరిచి చూస్తే జానెడు దగ్గర సన్నటి చార కనిపించింది. వెళ్ళేముందు వణికిన చెయ్యి, వచ్చాక కుదురుకున్న చెయ్యి. మనిషి ఒక్కడే అయినా చెయ్యి మారింది. అది కొట్టుకు పనికిరాదు. తాతయ్య దాన్ని మడిచి అత్త చేతిలో పెట్టాడు. రెండేళ్ళ తర్వాత మావయ్య ఒకసారి మళ్ళీ జారాడు, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడు. అప్పుడు కూడా వెళ్ళే ముందు రోజు పడుగెక్కించారు. ఆ తర్వాత ఇక వెళ్ళాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు నేను విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ నోట్లో మాట నోట్లోనే ఉంచుకునే మనిషిని. చెప్పాలనుకున్నవన్నీ డైరీలోకే వెళతాయి. పోయిన నెల మా పక్క బల్ల ఆయన సెలవు పెట్టి వెళ్ళారు. అలాంటి ఆసుపత్రికేనని అందరికీ కొంచెం కొంచెం తెలుసు. ఎవరూ పైకి అనరు. నిన్న కొత్తగా చేరిన అమ్మాయికి కుర్చీ కావాలని ఇద్దరు వచ్చి ఆయన కుర్చీ పట్టుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. "ఆయన వస్తారండీ. నా కుర్చీ తీసుకెళ్ళండి" అన్నాను. వాళ్ళు నా వంక వింతగా చూశారు. ఎప్పుడొస్తారని మాత్రం అడగలేదు. స్టోరు గదిలోంచి ఇంకో కుర్చీ తెచ్చుకున్నారు.